అరవై కిలోల సీటు

మొదటి తూకం

డాక్టరమ్మ రాయమంది కాబట్టి రాస్తున్నాను. నాకు రాయడం సరదా కాదు, తినడం సరదా. "రోజూ ఏం తిన్నావో రాయి నాయుడూ, అబద్ధాలు రాయకు. నువ్వు దాచినా కుర్చీ దాచదు" అంది.

కుర్చీ అంటే ఊగుడు కుర్చీ. ఈ చంద్రుడి మీద మామూలు కాటా ఎక్కితే ఏనుగైనా దూడలా తూగుతుంది. అందుకని మనిషిని స్ప్రింగుల కుర్చీలో కట్టేసి ఊపుతారు. ఎంత నెమ్మదిగా ఊగితే అంత బరువన్నమాట. నేను కూర్చుంటే అది తేరు కదిలినట్టు కదిలింది. డెబ్బై మూడు కిలోలు.

భూమికి వెళ్ళే పడవలో సీటుకి అరవై. కట్టుబట్టలతో కలిపి అరవై. పడవ వచ్చేది అయిదు నెలలకి. అది పోతే మళ్ళీ నాలుగేళ్ళ దాకా రాదు. నాలుగేళ్ళాగితే ఏమవుతుందని అడిగాను. డాక్టర్ మెహరున్నీసా ఏ మాటా నాన్చదు. "అప్పటికి నీ ఎముకలు భూమిని మొయ్యలేవు. అప్పుడు నేనే నిన్ను ఎక్కనివ్వను" అంది.

నీలవేణి భూమికి దిగి మూడున్నరేళ్ళు దాటింది. నీలవేణి నా పెళ్ళాం. ఎముకలు పలచబడిపోతున్నాయని ఈ డాక్టరే ముందు దాన్ని పంపించేసింది. నాకప్పుడు సీటు రాలేదు. అది పడవ రేవు పక్కనే ఇల్లు తీసుకుని, చేపలమ్ముకుంటూ నా కోసం కూర్చుని ఉంది.

అరవైకి దిగడం ఒక్కటే చాలదట. గిర్రు గది అని ఒకటుంది. దాన్ని తిప్పితే లోపల భూమ్మీదున్నంత బరువొస్తుంది. అందులో ముప్ఫై గుంజీళ్ళు తీసి చూపించాలి. తరవాత గుండెకి తీగలు పెట్టి చూస్తారు, గుండె తప్పటడుగు వెయ్యకూడదు. "పస్తులుండి చిక్కిపోతే ముందు కరిగేది కండ. నాకు సన్నటి మనిషి అక్కర్లేదు, నిలబడే మనిషి కావాలి" అంది డాక్టరు. సూటిగా చెప్పాలంటే, అన్నం, నూనె, బెల్లం తగ్గాలి. చేపలు, పుట్టగొడుగులు, ఉలవలు తగ్గకూడదు. ఆకుకూరలు ఇంకా పెరగాలి. ఆకుకూరలెందుకంటే పొటాషియం కోసమట. పొటాషియం లేకపోతే బిగిసిన కండ వదలదట, గుండె లెక్క తప్పుతుందట.

పొటాషియం అంటే ఏదో మందనుకున్నాను. తీరా చూస్తే మన పొటాష్! మా అయ్య చేలో చల్లేవాడు. పొటాష్ తక్కువైతే చేను గాలికి పడిపోతుంది, ఆ సంగతి మా వైపు మేకలు కాసేవాడికీ తెలుసు.

పొద్దున: పుట్టగొడుగుల కూర, ఒక రొట్టె. మధ్యాహ్నం: చేప రెండు ముక్కలు, తోటకూర, గుప్పెడన్నం. గుప్పెడంటే నా గుప్పెడు కాదు, డాక్టరు గుప్పెడు.

రెండో తూకం

డెబ్బై మూడున్నర. పెరిగాను!

తప్పు నాది కాదు, పాలేనిది. మా పాలెంలో ఎవరికైనా పడవ సీటు వచ్చిందంటే ఇంటింటికీ పిలిచి సాగనంపు భోజనం పెడతారు. ఇది ఎవరు పెట్టిన ఆచారమో తెలియదు గానీ, ఈ పాలెం కోసం చంద్రుడిలో సొరంగాలు తవ్విన తొలి రోజుల నుంచీ ఉంది. నలభై గడపలు. వాళ్ళ వాటా నెయ్యి, వాళ్ళ వాటా సన్నబియ్యం నెలల తరబడి దాచి ఆ ఒక్క పూట పెడతారు. కాదంటే ఏం బావుంటుంది? అప్పలకొండ ఇంట్లో నేను విస్తరి మీద చేతులు అడ్డం పెట్టాను. అతను నా వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోశాడు.

"ఇంకో ముద్ద బావూ, రేపు భూమ్మీదకెల్లిపోతే మా సేతి కూడు నీకెక్కడిది?" అన్నాడు. ఆ మాటకి ఎవడు లేవగలడు! నేను లేవలేదు. అరిసెలు కూడా తిన్నాను. రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను, నాలుగు.

డాక్టరు కాగితం చూసి తల పట్టుకుంది. "నలభై ఇళ్ళూ తిరిగేసరికి నిన్ను పడవలో కాదు, పడవనే నీలో ఎక్కించాలి" అంది.

తూకం లేని రోజు

పక్కింటి గున్నమ్మప్ప ఈ గొడవ తీర్చింది. గున్నమ్మప్ప మాట పాలెంలో చట్టం. సొరంగం మొదట తవ్విన వాళ్ళలో ఆవిడ ఒకతె. ఆవిడ ఎముకలు ఎప్పుడో పోయాయి, భూమి ఆవిడకిక లేదు. అందరినీ సొరంగాల పైనున్న పైగదిలో కూర్చోబెట్టి గట్టిగా చెప్పింది.

"ఒరే, మీరు పెట్టేది కూడు కాదు, ఉరి. మీ నెయ్యిలో మునిగి ఈడు ఇక్కడే ఉండిపోతే నీలవేణికి మీరు జవాబు సెప్తారేటి? ఎవుల సాగనంపు ఆలే పెట్టండి గానీ, వొండినది కాదు. సేపలియ్యండి, కూరాకులియ్యండి, ఉలవలియ్యండి. నాను వొండి పెడతాను. ఈడు నా గుమ్మం దాటి ఇంకో గుమ్మం ఎక్కితే కాళ్ళిరగ్గొడతాను."

అప్పటి నుంచి నా తిండి అక్కడే. రోజూ ఎవరో ఒకరు తొట్లలో పట్టిన చేపో, కట్టెడు బచ్చలో తెచ్చి ఆవిడ గుమ్మంలో పెట్టిపోతారు. ఆవిడ చెయ్యి మంచిది. నూనె చుక్క వెయ్యకుండా చేపని ఆవిరి మీద ఉడికించి, చింతపండు, పచ్చిమిరపకాయ నూరి పూస్తుంది. కోడిగుడ్డు తెల్లసొన మాత్రం పెట్టి, "పచ్చసొన నాకు పుణ్యం" అని తనే తినేస్తుంది. తోటకూరైతే తట్టెడు ఉడికించి తువ్వాలు పిండినట్టు పిండి, ఉల్లిపాయతో కలిపి పెడుతుంది. తట్టెడు కూర చివరికి నిమ్మకాయంత అవుతుంది.

ఆకలి వెయ్యలేదని రాస్తే అబద్ధం. కానీ కడుపు పూర్తిగా ఖాళీగా ఉన్నట్టు కూడా లేదు.

నాలుగో తూకం

అరవై తొమ్మిది. లుంగీ జారిపోతోంది. నాకు నేనే సంబరపడ్డాను.

ఇవాళ నీలవేణితో మాట్లాడే రోజు. వారానికొకసారి, మాట మాత్రమే. బొమ్మలు పంపే వీలు ఆఫీసు పనికే చాలదు. నేనేదైనా అంటే అది భూమికి చేరి, దాని జవాబు వెనక్కి వచ్చేసరికి గుటక మింగినంత సేపు పడుతుంది. అది ఊరుకుంటే దూరం వల్ల ఊరుకుందో, కోపమొచ్చి ఊరుకుందో తెలియదు. మూడేళ్ళలో సగం తగువులు ఈ గుటక వల్లే వచ్చాయి.

పైగది కిటికీలోంచి భూమి కనిపిస్తుంది. ఇక్కడ భూమి పొడవదు, కుంగదు. అదే మూల, అదే చోట ఉంటుంది. దాన్ని చూస్తూ మాట్లాడతాను. బంగాళాఖాతం మీద తెల్లగా సుడి పట్టి ఉంది.

"వాన పడతందేటి నీలీ?"

"పడతంది మావా. నీకెలగ తెల్సు?"

"సూత్తన్నాను గదే."

"మరి నన్ను కూడా సూడు" అంది.

నేను చూశాను. అంత నీలంలో దాన్ని ఎక్కడని చూడను? కళ్ళు మండాయి. మళ్ళీ అదే అంది, "ఏటి తింతన్నావు? పొట్ట తగ్గించీసినావేటి? తగ్గించకు మావా. నీ పొట్ట మీద సెయ్యేసుకొని పడుకుంటే గానీ నాకు నిద్దరట్టేది కాదు. మూడేళ్ళయింది నిద్దరోయి."

అరవై కిలోల నియమం ఈసారే పెట్టారు, ఆ సంగతి దానికి చెప్పలేదు. చెబితే ఏడుస్తుంది, గున్నమ్మప్పకి కబురు పెట్టి నాకు అన్నం పెట్టించేస్తుంది. ఆ పొట్టలో ఇప్పటికే సగం పోయింది, మిగిలిన సగమూ పోవాలి. "ఉందిలేవే నీ పొట్ట" అన్నాను. అంత దూరం అబద్ధం మొయ్యాలంటే కష్టంగానే ఉంది.

ఆ పూట నిమ్మకాయంత తోటకూర కూడా మిగిల్చాను. నాకు దాని చేతి పులుసు కావాలి. అది నా పక్కన కూర్చుని తిట్టాలి. ఇంకేం వద్దు.

ఎనిమిదో తూకం

అరవై మూడు. నెల ఉంది. తూకం గురించి బెంగ లేదు, బెంగంతా కాళ్ళ గురించే.

పది రోజులుగా పిక్కలు పట్టేస్తున్నాయి. పట్టిన పిక్క వదలదు. ఇది ఇక్కడందరికీ ఉన్నదే, చందురు పట్టు అంటాం. చందమామ మీద ఉన్నవాడికి చందురు పట్టు రాకపోతే ఎవరికొస్తుందని నవ్వుకుంటాం. పిల్లలకి కూడా వస్తుంది. కానీ ఇంతలా నాకెప్పుడూ రాలేదు. గిర్రు గదిలో పద్నాలుగో గుంజీకి కూలబడ్డాను. లేవబోతే గుండె ఒక దెబ్బ మరిచిపోయి, తరవాత రెండు దెబ్బలు ఒకేసారి కొట్టింది.

డాక్టరు తీగలు తగిలించి చాలాసేపు చూసింది. రక్తం తీసింది.

"పొటాషియం బాగా తక్కువుంది. నాయుడూ, ఇలా అయితే నిన్ను పంపలేను. పడవ లేచేటప్పుడు గుండె ఆగితే ఎవరేం చేస్తారు? కూరలు తినడం మానేశావా?"

"తట్టలు తట్టలు తింటున్నానమ్మా! గున్నమ్మప్పని అడుగు!"

"మరి ఎక్కడికి పోతోంది?" అంది. మాత్రలివ్వమన్నాను. ఉన్న నాలుగూ గుండెజబ్బు వాళ్ళకే చాలవంది. పైగా పొటాషియం మాత్రలు శనగగింజల్లా మింగేవి కావట, ఎక్కువైనా గుండె ఆగుతుందట. పది రోజుల్లో తిండితోనే సరిచేసుకోవాలి. లేదంటే సీటు వరసలో నా తరవాతున్న మనిషికిచ్చేస్తారు.

గున్నమ్మప్పకి చెప్పే ధైర్యం లేకపోయింది. పైగదిలోకెళ్ళి భూమి ఎదురుగా కూర్చున్నాను. చెయ్యి చాపితే బొటనవేలు చాటున దాగిపోయేంత ఉంటుంది. అంత చిన్నదాంట్లో నాదన్నది ఒక్క మనిషి. ఆ ఒక్క మనిషి దగ్గరికి వెళ్ళడానికి నా సొంత గుండే అడ్డం పడింది. తిట్టుకున్నాను. ఏడ్చాను కూడా, రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

తూకం లేని రోజు

డాక్టరు తనే గున్నమ్మప్ప వంటింటికి వచ్చింది. పీట వేయించుకుని కూర్చుని, "అప్పా, రోజూ ఎలా వండుతావో అలాగే వండు. నేను చూస్తాను" అంది.

గున్నమ్మప్ప కడిగింది, తరిగింది, నీళ్ళు పోసి ఉడికించింది. వార్చింది. పిండింది. మళ్ళీ పిండింది. ఆ పచ్చనీళ్ళు చుక్క కింద పడకుండా గిన్నెలోకి పట్టి, గోడలో ఉన్న తిరుగు గొట్టంలో పోసింది.

దీని గురించి చెప్పాలి. మా పాలెంలో నీటికున్న విలువ దేవుడికి లేదు. వార్చిన నీళ్ళు, కడిగిన నీళ్ళు, అన్నీ తిరుగు గొట్టంలో పొయ్యాలి. అవి శుద్ధయి మళ్ళీ కుళాయిలోకి వస్తాయి. కొత్తగా వచ్చిన కోడలికి మొదటి రోజు నేర్పేది అదే. కూరని ఎంత పొడిగా పిండితే ఆ ఇల్లాలికి అంత పేరు. గున్నమ్మప్ప పిండిన కూర గాలికి ఎగిరిపోతుందని మెచ్చుకుంటాం.

"ఆ నీళ్ళు…" అంది డాక్టరు.

"ఏటమ్మా? సుక్క పోనీలేదు గదా!"

"అదే అప్పా, చుక్క పోనీలేదు. పొటాషియం నీళ్ళలో కరిగిపోతుంది. కూరలో ఉన్నదాంట్లో సగానికి పైగా నువ్వు గొట్టంలో పోశావు. గొట్టం అవతల శుద్ధి చేసేటప్పుడు దాన్ని తీసి పారేస్తారు."

గున్నమ్మప్ప చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. "ఒలమ్మో! అంటే గుంటడికి ఇన్నాళ్ళూ పిప్పి పెట్టినానేటి?"

డాక్టరు నుదురు కొట్టుకుంది. "నువ్వొక్కదానివే కాదు. నేనూ మా ఇంట్లో అలాగే పిండుతాను. నాకూ మా అత్తగారు అదే నేర్పింది. ఇక్కడ పాతికేళ్ళుగా అందరికీ పిక్కలు పట్టేస్తుంటే చంద్రుణ్ణి తిట్టుకుంటున్నాం." అని, తన పిక్క తనే పట్టుకుని నవ్వింది. గున్నమ్మప్ప నవ్వలేదు. మూల కూర్చుని కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"సంపీసేదాన్ని గదరా నిన్ను" అంది నాతో.

"ఊరుకో అప్పా. నీ చేతి పిప్పయినా నాకు అమృతమే" అన్నాను. ఆ మాట నిజం.

ఆ సాయంత్రం నుంచీ వార్చడం బంద్. తోటకూర ఉడికిన నీళ్ళతోనే చారు. ఉలవల కట్టు తాళింపు లేకుండా, అలాగే గ్లాసుతో. చిలగడదుంప తొక్కతో. టమాటా పులుసు. నూనె లేదు, అన్నం అదే గుప్పెడు, చేప మామూలే. గుంజీళ్ళు రోజూ.

తొమ్మిదో తూకం

అరవై రెండు. గుండె బుద్ధిగా కొట్టుకుంటోందట. డాక్టరు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఇది మాత్రం నీ మొహం చూసి కాదు, గున్నమ్మప్ప చారు చూసి సంతకం పెడతాను" అంది. పాలెమంతా గిన్నెల్లో పచ్చనీళ్ళు తాగుతోంది. నీటి ఆఫీసు వాళ్ళు గొట్టంలో నీళ్ళు తగ్గాయని కేకలేస్తున్నారు. గున్నమ్మప్ప వాళ్ళ మీదకి చీపురు పట్టుకుని వెళ్ళిందని విన్నాను.

ఆఖరి తూకం

గున్నమ్మప్ప పొద్దున్న చారు పోస్తానంది. గ్లాసుడు చారంటే పావు కిలో. ఊగుడు కుర్చీకి చారని, మనిషని తేడా తెలియదు. వద్దన్నాను. "తూకమయ్యేక తాగుదువులే, తలుపు కాడ పట్టుకొని నిలబడతాను" అని నిజంగానే నిలబడింది.

యాభై తొమ్మిది, పైన కొంచెం. గుంజీళ్ళు ముప్ఫై. ముప్ఫయ్యోది తీసి లేచేసరికి తొడలు వణికాయి గానీ కూలబడలేదు. తీగల్లో గుండె ఒక్క దెబ్బ తప్పలేదు. డాక్టరు సంతకం పెట్టింది. బయటికొస్తే గున్నమ్మప్ప గ్లాసు చేతిలో పెట్టింది. చల్లారిపోయింది. గడగడా తాగేశాను.

"ఎల్లురా తమ్ముడా. సముద్రం కాడ కూకొని ఓ పూట నా పేరు సెప్పి కూడు తిను" అంది. పాదాలకి దణ్ణం పెట్టాను. పడవలో చాలాసేపు ఆవిడ మొహమే కళ్ళ ముందు ఉంది. నేను కోరుకున్నది నాకు దొరుకుతోంది, ఆవిడకి ఇక దొరకదు.

భూమి

ఇది దిగిన మర్నాడు రాస్తున్నాను. పెన్ను ఇనపగుండులా ఉంది.

రేవు ఆసుపత్రిలో పెద్ద గది. పడవ దిగిన వాళ్ళం అందరం వరసగా మంచాల మీద. తల అటు తిప్పాలన్నా ఎవరో నొక్కి పట్టినట్టుంటుంది. రెండు రోజులు ఎవరూ లేవకూడదని, లేస్తే రక్తం కిందికి దిగి కళ్ళు తిరుగుతాయని నర్సు రెండుసార్లు చెప్పింది. ఏడున్నరకి మూడు ఇడ్లీలు తినిపించింది. ఎంత రుచిగా ఉన్నాయో రాయలేను.

ఎనిమిదింటికి చుట్టాలను లోపలికి వదిలారు. ఆ గుంపులో నీలవేణి. జుట్టు కొంచెం నెరిసింది. చేతిలో స్టీలు క్యారియర్. తల ఎత్తబోయాను, లేవలేదు.

అది మంచాలు చూసుకుంటూ వస్తోంది. నా మంచం దగ్గర ఆగింది. బుగ్గలు లోపలికి పోయిన నా మొహంలోకి చూసింది. చూసి, ఎవరో పరాయివాణ్ణి చూసినందుకు సిగ్గుపడ్డట్టు కొంగు సర్దుకుని, పక్క మంచానికి వెళ్ళిపోయింది. అది వెతుకుతున్నది పొట్టున్న మనిషిని. వరసగా ఒక్కో మంచం చూస్తూ దూరమైపోతోంది. చివరి మంచం దగ్గర నర్సుని అడుగుతోంది. దాని మొహం పాలిపోయింది. నేను పడవెక్కలేదనుకుంది.

పిలిచాను. ఛాతీ మీద బరువు. పిలుపు పెదాలు దాటలేదు.

అప్పుడు కాళ్ళు కింద పెట్టాను. నర్సు అరిచింది. మంచం పట్టె పట్టుకుని, గుంజీ నుంచి లేచినట్టు లేచాను. గదంతా తిరిగింది. కానీ తొడలు పట్టు వదల్లేదు. నిలబడ్డాను. నిలబడేసరికి గొంతు వచ్చింది.

"నీలీ!"

అది వెనక్కి తిరిగింది. క్యారియర్ కింద పడలేదు, దాన్ని గుండెకి హత్తుకుని పరిగెత్తుకొచ్చింది. నా చేతులు తడిమింది, బుగ్గలు తడిమింది, పొట్ట ఉండాల్సిన చోట చెయ్యి పెట్టి ఆగిపోయింది. దాని కళ్ళమ్మట నీళ్ళు ధారలు కట్టాయి.

"ఎవులు సేసినారు మావా నిన్నిలగ? ఏటైనా తిన్నావా?"

గంట కూడా కాలేదు ఇడ్లీలు తిని.

"లేదే" అన్నాను.